కచ్చా కుట్టు

ఆటగాళ్ళు ఆరు నెలలకోసారి కాలేజీలు మారే వారం మొదలైంది. టైలర్ పైడిరాజు తన కూతురు కాంచన బాస్కెట్‌బాల్ జెర్సీ మీదున్న పాత కాలేజీ పేరు విప్పుతున్నాడు. ఆటగాళ్ళున్న ఇళ్ళన్నిట్లో ఈ వారం ఇదే పని. మళ్ళీ విప్పాల్సిందే కదా అని ఆయన ఎప్పుడూ చేత్తో కచ్చా కుట్టే వేస్తాడు. లాగితే దారం ఊడొచ్చేస్తుంది.

కాంచనకి ఇది నాలుగో మార్పు. గోడ మీది కంప్యూటర్ తెర, ఆమెని పిలిచిన ఆరు కాలేజీల జాతకం చదివింది. మొదటిదానికి మారితే మ్యాచ్‌కి పన్నెండు నిమిషాలు ఎక్కువ ఆడొచ్చు. ఆఖరిదానికి మారితే బెంచీయే గతి.

"నిన్న ఎలా ఓడిపోయారమ్మా?" అనడిగాడు పైడిరాజు.

"నా వల్లే నాన్నా. ఆఖరి నిమిషంలో చూడకుండా నస్రీన్‌కి బంతి వేసేశాను. రెండు కాలేజీల కిందట మేమిద్దరం ఒకే టీం కదా, చేతికి అలవాటు పోలేదు. నిన్న అది అవతలి టీం."

"అయ్యో! మరి ఆ పిల్ల?"

"బాస్కెట్ వేసేసింది, వాళ్ళు గెలిచారు. తర్వాత నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. నాన్నా, నాలుగు కాలేజీల్లోనూ నేను చూడకుండా వేస్తే అందుకున్నది అదొక్కత్తే."

పైడిరాజు సూదిలో దారం ఎక్కించాడు. "ఇప్పుడు ఏ పేరు కుట్టమంటావ్?"

"ఆఖరిది. నస్రీన్ వాళ్ళది."

"అక్కడ బెంచీయేనంట కదమ్మా?"

"కూర్చుంటాను."

ఆయన సూదిని డబ్బాలో పెట్టేసి, కుట్టు మిషన్ మీద కప్పిన గుడ్డ తీశాడు.