వలస లేని ఊరు

“మేడమ్, గోపాల్‌పేట దగ్గర వలసే లేని ఊరు దొరికింది,” అన్నాడు నరేందర్. వనపర్తిలో సర్వే శిక్షణకొచ్చిన పరిశోధకుల్లో లెక్క ముందు తెచ్చింది అతనే.

శిక్షణ ఇచ్చే వసంత కాగితాలు తిప్పింది. ఈ లెక్క చూసే ఊరికి కరువు పనులిస్తారు. వలస లేదంటే పనీ లేదు.

“పాలమూరుల వలస లేని ఊరా? ఎవర్నడిగినవ్?”

“ఇంట్ల ఉన్నోళ్లనే అడిగిన. ఎవ్వరూ పోలేదన్నరు.”

“బడికొచ్చిన పిల్లల్నడిగి, బడి ఎగ్గొట్టినోళ్లే లేరన్నట్టుంది గదన్నా,” అంది పక్కనున్న మంజుల.

“తాళాలేసిన ఇండ్లు లేవా?” వసంత అడిగింది.

“మస్తున్నయి మేడమ్. వాళ్లంత పనికి బొంబాయి పోయిన్రంట.”

గదంతా ఘొల్లుమంది.

“మరి గా సంగతి రాయలేదేంది?”

“తాళముంటె పక్కింటికి పొమ్మని మీరే చెప్పిన్రు గద. మీ ఫారంల తాళానికి గడే లేదు.”

ఈ పాఠం వసంత ఏళ్లుగా చెబుతోంది. దీంతో ఎన్ని ఊళ్ల పనులు ఊడగొట్టిందో ఆమెకు ఇప్పుడు తట్టింది.

“బండి తియ్యి నరేందర్. మళ్ల పోదాం. ముందుగాల తాళాలేసిన ఇండ్లే రాద్దాం.”

“జవాబు ఎవరు చెప్తరు మేడమ్?”

“పక్కింటోళ్లే. ఈసారి వాళ్ల సంగతి గాదు, తాళమేసి పోయినోళ్ల సంగతి అడుగు.”