గంగాధరం గారి టర్బో కారు

మామిడికాయల షావుకారు గంగాధరం గారు బుట్టలోంచి ఒక చిన్నరసం కాయ తీసి, గిర్రున తిరుగుతున్న ఇంజను ఫ్యాను మీదికి విసిరారు. టప్పుమని ఒక్కటే చప్పుడు. కాయ ఏమైందో ఎవరికీ కనపడలేదు. గుజ్జు మాత్రం డ్రైవరు రాయప్ప మొహమంతా చిమ్మింది. టెంక ఎగిరి షెడ్డు రేకుకి రాయిలా తగిలింది.

"చూశావుగా. ఇప్పుడు నీ చెయ్యి," అన్నారాయన.

ఇద్దరు హమాలీలు రాయప్పని ఎత్తిన బానెట్టు కిందికి వంచి పట్టుకున్నారు. కుడిచెయ్యి ఫ్యానుకి జానెడు దూరంలో ఉంది. పాత ఫ్యాను బెల్టుతో అప్పటిదాకా కొట్టిన దెబ్బలకి వీపు మీద చొక్కా పీలికలై, నెత్తురుతో ఒంటికి అతుక్కుపోయింది.

అది ఎనభయ్యారో ఎనభయ్యేడో, రోహిణి కార్తె. నూజివీడులో కాయ మీద కాయ దిగుతున్న రోజులు. రాయప్ప పెళ్ళాం కనకమ్మ షెడ్డులో మామిడి బుట్టలకి గడ్డి పరుస్తూ ఈ కేకలు వింది. గడ్డి అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చి షావుకారు కాళ్ళ మీద పడింది.

"అయ్యగారూ, మా ఆయన ఆయిలు ముట్టలేదండీ. పిల్లల మీద ఒట్టండీ."

"ముట్టకపోతే వారానికో లీటరు ఎటు పోతోందే? ఇంజను తాగిందా? అదేమన్నా నీ మొగుడా తాగడానికి?" అంటూ ఆయన కాలితో ఒక్క తాపు తన్నారు. కనకమ్మ వెళ్ళి టైరుకి కొట్టుకుని పడింది.

ఆ కారంటే ఆయనకి ప్రాణం. మద్రాసులో వేలంపాటలో కొన్న విదేశీ బండి. పాతదే, కానీ నూజివీడు మొత్తానికి అలాంటిది ఇంకోటి లేదు. కాయలు కొనడానికొచ్చిన వాళ్ళని కూడా వదిలేవారు కాదు. "ఐదు సిలిండర్లు, మూడు వేల సీసీ, టర్బో డీజిలు, నూట ఇరవై గుర్రాల బలం" అని అప్పజెప్పేవారు. డిక్కీ మీద టర్బో అని వెండి అక్షరాలుండేవి. పొద్దున్నే వాటిని కండువాతో తనే తుడుచుకునేవారు. అంతటి బండి మైలవరం వెళ్ళే దారిలో ఎత్తు వస్తే చాలు, రొప్పుతూ కాయల లారీలకి దారిచ్చేది. ఆ తలవంపులకీ కారణం రాయప్పే అని ఆయన నమ్మకం.

"విస్సన్నపేట నుంచి జోజిబాబుని పిలిపించా," అన్నారు గంగాధరం గారు. "డీజిలింజను గురించి వాడు చెప్పిందే మాట. ఇంజను బాగుందన్నాడా, ఆయిలు వీడు దొంగిలించినట్టు. పాడైందన్నాడా, పాడుచేసింది వీడే. రోజూ తోలేది ఎవడు మరి? ఎటు తిరిగినా ఆ చెయ్యి ఉండదు."

ఎటు తిరిగినా అదే అయితే ఆ మెకానిక్కు రావడమెందుకో కనకమ్మకి అర్థం కాలేదు. చెయ్యి పోయిన డ్రైవరుకి ఎవరు బండిస్తారన్నది ఒక్కటే ఆమెకి తెలుస్తోంది.

జోజిబాబు లూనా మీద వచ్చాడు. రాయప్ప వీపు చూశాడు. వెనక్కెళ్ళి సైలెన్సరు దగ్గర కూచుని నీలంగా వస్తున్న పొగని వాసన చూశాడు. ముందుకొచ్చి ఆయిలు మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. మళ్ళీ మూసేశాడు.

"ఏంట్రా జోజీ, నాడి చూస్తున్నావా? చెప్పి చావు."

షావుకారు విసుక్కోవడం చూసి ఒక హమాలీ రాయప్ప చేతిని ఇంకాస్త ముందుకి నెట్టాడు. ఫ్యాను రెక్క కొస నడిమి వేలికి తగిలింది. గోరు ఎగిరిపోయింది. రాయప్ప అరుపుకి షెడ్డులో ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. రేడియేటరు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

"ఆపండి," అన్నాడు జోజిబాబు. "షావుకారు గారూ, ఇది టర్బో కదండీ?"

"వెనక అక్షరాలు కనపడట్లేదూ?"

"అదే అంటున్నానండీ. మామూలింజను సంగతి వేరు. టర్బోలో పొగ వేడికి చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుద్ది. దాని ఇరుసుకి ఆయిలే ఆధారం. బండి ఆగాక రెండు నిమిషాలు ఇంజను ఊరికే తిరగనిచ్చి, చల్లబడ్డాక ఆపాలి. టక్కున ఆపారనుకోండి, ఆయిలు అక్కడికక్కడ మాడి బొగ్గయిపోద్ది. సీలు పోద్ది. ఇక పోసిన ఆయిలు పోసినట్టు పొగలో కలుస్తది. లాగుడూ ఉండదు." చేతికంటిన ఆయిలు తుడుచుకుంటూ అడిగాడు. "తాళం తిప్పి ఆపేది ఎవరండీ?"

అది ఒకరు చెప్పక్కర్లేదు. చక్రాలు పూర్తిగా ఆగకముందే పక్క సీట్లోంచి చెయ్యి చాపి, తాళం తిప్పి, జేబులో వేసుకునేది గంగాధరం గారే. చెంచాడు డీజిలు కూడా వృథా కాకూడదని ఆయన పట్టుదల.

"ఏదీ ఆ టర్బో? చూపించు," అన్నారాయన గొంతు తగ్గించి.

"అదిగోనండీ, పైపుల అడుగున. ఆ నల్లటి ముద్ద."

ఆయన వంగి చూశారు. "ఆఁ, అదేలే. నాకు తెలుసు," అన్నారు. నిటారుగా లేచి, ఆ హమాలీ చెంప పగలగొట్టారు. "ఎవడు నెట్టమన్నాడ్రా అంత దగ్గరికి? వదలండి."

ఇంజను ఆపించి, తాళం రాయప్ప ఎడమచేతిలో పడేశారు. "ఇవాళ్టి నుంచి నువ్వే ఆపు," అనేసి వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

బోరు దగ్గర జోజిబాబు రాయప్ప వేలు కడిగి గుడ్డ చుట్టాడు. కనకమ్మ చెంబుతో నీళ్ళు పోసింది.

"ఆ టర్బో పాడవబట్టి మా ఆయన చెయ్యి మిగిలిందన్నా."

"పాడైంది అది కాదమ్మా. పిస్టను రింగులు అరిగిపోయాయి. బండి వయసు అలాంటిది. ఆ మాటంటే అరగదీసింది వీడేననేవాడు."

"మరి టర్బో బాగానే ఉందా?"

జోజిబాబు గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ ఇంజనుకి టర్బోయే లేదు."