పదిహేడో బుధవారం

“‘దాచు’ అంటే చాలదూ? ‘భద్రపరచు’ అని అంత పొడుగు ఆదేశం కంప్యూటర్లో ఎవరు కొడతారండీ?” అంది అక్షరాలావిడ.

“మావాళ్లు కొడతారు. పదేళ్లుగా కొడుతూనే ఉన్నారు,” అన్నాడు బొమ్మలాయన, తీరిగ్గా టీ చప్పరిస్తూ.

అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. ఆవిడ కంపెనీది పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు, ఆయన కంపెనీది బొమ్మలు గీసేది. రెండూ ఒకే ఆదేశాలకు పలికితే అచ్చాఫీసుల వాళ్లు ఆదేశాలన్నీ వరసగా ఒక్క స్క్రిప్టులో రాసుకుని రెంటి చేతా పని చేయించుకుంటారు. కావలసినవి మొత్తం పది ఆదేశాలు. వాటికోసం ప్రతి బుధవారం సాయంత్రం రెండేసి గంటల సమావేశం. ఇది పదిహేడోది. ఇవాళ సంతకాలు పడకపోతే వేరే అధ్యక్షుణ్ణి చూసుకుంటామని అచ్చాఫీసుల సంఘం కబురు పెట్టింది. పాపం, ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం.

వీళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ అని అధ్యక్షుడు మొదటిరోజే పసిగట్టాడు. అందుకే బల్లకు ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని కూర్చోబెట్టాడు. ఫోన్లు బయట బుట్టలో పడేయాలన్న నియమం కూడా పెట్టాడు. విచిత్రంగా, దానికి మాత్రం ఇద్దరూ మారుమాట లేకుండా తలూపారు.

“పోనీ, ‘దాచు’కే ఒప్పుకోవయ్యా,” అని బతిమాలాడు.

“వచ్చే బుధవారం ఆలోచిద్దాం,” అన్నాడు బొమ్మలాయన. ఆయన చొక్కా గుండీలు ఎప్పట్లాగే ఒకటి తప్పి మరో కాజాలో ఉన్నాయి. అక్షరాలావిడ ఈలోపు చిన్న కునుకు తీసి లేచి, “నాక్కూడా సమ్మతం కాదు,” అంది.

అధ్యక్షుడు ఉసూరుమంటూ మినిట్స్ పుస్తకం తిరగేశాడు. చటుక్కున ఆగాడు.

“అమ్మా! పోయినవారం ‘భద్రపరచు’ కావాలని పట్టుబట్టింది నువ్వే. ‘దాచు’ చాలన్నది ఈయన!”

ఆవిడ ఆవలింత సగంలో ఆగిపోయింది. అధ్యక్షుడు గబగబా వెనక్కి తిప్పాడు. ఏ ఆదేశం చూసినా అదే వరస. ఒక బుధవారం ఈవిడ సరేనంటే, మరో బుధవారం ఆయన సరేనన్నాడు. ఒకేరోజు ఇద్దరూ అన్న పాపాన పోలేదు, అంతే. చకచకా ఒక కాగితం నింపి వాళ్ల ముందుకు తోశాడు.

“అన్నీ మీరిద్దరూ ఒప్పుకున్నవే! పొట్టివి ఏరి రాశాను. పెట్టండి సంతకాలు.”

పుస్తకం ఎదురుగా ఉంటే ఇంకేం దబాయిస్తారు? పెట్టారు. అధ్యక్షుడికి ఏనుగెక్కినంత సంబరమైంది.

“హమ్మయ్య! ఇక బుధవారాలు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు!”

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

“తప్పులొస్తే చూపించే సందేశాలకు కూడా ఒక ఒప్పందం చేసుకుంటే...” అని నసిగాడు బొమ్మలాయన.

“అది తేలడానికి ఏడాదైనా పడుతుంది,” అంది ఆవిడ ఆశగా.

“ఫోన్ల బుట్ట తర్వాత మీరిద్దరూ ఒక్కమాట మీదికి రావడం ఇదే మొదలు!” అన్నాడు అధ్యక్షుడు నోరెళ్లబెట్టి. “ఇంటికెళ్లమంటే ఆ ఏడుపు మొహాలేంటి?”

“మా ఇద్దరికీ ఒకే కాన్పులో ముగ్గురు పిల్లలండీ, ఇంకా ఏడాది నిండలేదు,” అంది ఆవిడ, ఆయన గుండీలు సరిచేస్తూ.