పసుపు అంటని చీర

మరకలంటని నానో చీరలొచ్చాక బజార్లో బట్టల సబ్బు దొరకడమే మానేసింది. వకుళ ముచ్చటపడి వాళ్ల అత్తగారు మాణిక్యాంబకీ ఒకటి కొంది, ఆవిడ చెల్లెలి కొడుకు పెళ్లికి కట్టుకుంటుందని.

పెళ్లినాడు ఆవిడ అలవాటుగా కొత్తచీర మూల పసుపు పెట్టింది. పసుపు అంటకుండా జారి నేలమీద పడింది. నాలుగుసార్లు పెట్టినా అంతే.

"పసుపు పెట్టని కొత్తచీర నేను కట్టను. పెళ్లికి మీరెళ్లి రండి," అని కూర్చుంది మాణిక్యాంబ.

వకుళ షాపుకి పరుగెత్తింది.

"అందరిళ్లలోనూ ఇదే గొడవమ్మా," అంటూ సేల్స్‌మన్ చీర మూలన రెండువేళ్ల వెడల్పు మామూలు నూలుగుడ్డ కుట్టించి ఇచ్చాడు. పసుపు చక్కగా పట్టింది. అత్తగారు మురిసిపోయి కట్టుకుంది.

పెళ్లిభోజనాల్లో ఆ గుడ్డకి సాంబారు కూడా అంతే చక్కగా పట్టింది.

మర్నాడు వకుళ మళ్లీ షాపుకెళ్లింది. ఆమె నోరు తెరవకముందే సేల్స్‌మన్ లిఫ్టు చూపించాడు.

"బట్టల సబ్బులు పై అంతస్తులోనమ్మా."