పళ్ళు నూరే చప్పుడు

బస్సు డిపోలో ముగ్గురి పని నా ఒక్కడి నెత్తిన పడ్డప్పటి నుంచి నిద్రలో పళ్ళు నూరుతున్నాను. "పళ్ళలో లోపం లేదండీ, మనసులో బరువంతా దవడ మోస్తోంది" అంటూ పళ్ళ డాక్టరు పైవరుసకు ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చాడు. అది పెట్టుకున్నా చప్పుడు ఆగలేదంటుంది మా ఆవిడ.

"పిండిమరలో కాపురం పెట్టినట్టుందండీ. మీకేం, హాయిగా నూరుకుంటారు. నాకు సరిగ్గా కన్నుమూతపడి నెలైంది."

ఆమె కళ్ళకింద నలుపు చూస్తే జాలేసింది. నా సంగతెలా ఉన్నా, ఈమెకు ఒక్క రాత్రి నిద్ర ఇవ్వమని దేవుడికి దణ్ణం పెట్టుకుని పడుకున్నాను. ఇంత చిన్న కోరిక తీర్చడానికి ఆయనకేం కష్టం?

ఆమె నిద్రపోయింది. నాకే పట్టలేదు. అర్ధరాత్రి దాటాక లేచి, మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళి తొడుగు తీశాను. గ్లాసు ఎత్తేలోపు పడకగదిలోంచి పళ్ళు నూరుతున్న చప్పుడు వినిపించింది. దానికి ఏ తొందరా లేదు.

పాపం, ఈమెకూ అంటుకుందా అనుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. వంటగది దీపం వెలుగులో ఆమె నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి మెత్తగా ఆడుతోంది. చప్పుడు మంచానికి అవతల, నేను లేచివచ్చిన వైపు నుంచి వస్తోంది.

కళ్ళు తెరవకుండానే ఆమె అటు చెయ్యి చాచింది.

"చాల్లెండి, ఇక పడుకోండి" అంది.

చప్పుడు ఆగింది. ఆమె చెయ్యి నా దిండు మీద వాలలేదు. జానెడు ఎత్తున, దేనిమీదో ఆనినట్టు నిలిచిపోయింది.

ఆమె ముఖం అంత ప్రశాంతంగా ఉండి ఎన్నాళ్ళయిందో. లేపాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను.