సాకే ఖర్చు

లోకేశ్వరికి కుక్క కావాలి. ఏదో ఒక కుక్క కాదు, రాజపాళయం జాతి వేటకుక్క. నిలబడితే మనిషి నడుము దాకా రావాలి.

"ఏంటికక్కా అంత పెద్దది?" అంది కోమలి. రేణిగుంటలో ఫ్యాక్టరీ గేటు ముందు ఇద్దరూ కలిసి టిఫిన్ బండి నడుపుతారు. "బొచ్చుకుక్కపిల్లను తెచ్చుకో. రెండు బిస్కెట్లు ఏస్తే పడుంటాది."

"చిన్నది చాలదు మే. వీధంతటికీ కనపడాల."

కారణం వీధిలో అందరికీ తెలుసు. కిందటేడు ఆమె మొగుడు, అంటే కూతురు పవిత్ర నాయన, ఇల్లు వదిలి పోయాడు. ఏ దూరదేశమో పోయుంటే పీడా పోయేది. సరిగ్గా ఎదురింట్లోనే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. పోతూ పోతూ వీధి నడుమ నిలబడి, నలుగురూ వినేట్టు ఒక మాట అన్నాడు.

"నేను లేకుంటే నీ గడపలో కుక్క గూడా ఉండదు. దాన్ని సాకే యోగ్యత గూడా నీకు లేదు."

ఆ మాట లోకేశ్వరి గుండెలో ముల్లై కూర్చుంది. ఆమె దాన్ని తీసుకోనూ లేదు, ఎవరినీ తీయనివ్వనూ లేదు. రోజూ పొద్దున వాకిలి ఊడుస్తూ, ఎదురింటి మెట్ల మీద కాలు మీద కాలేసుకుని టీ తాగే ఆ మనిషిని చూసి, ఇంకాస్త లోపలికి దిగనిచ్చింది. సూళ్లూరుపేటలో ఉద్యోగం చేసే పవిత్ర, "వచ్చి నా దగ్గర ఉండమ్మా" అంటే ససేమిరా అంది.

అందుకే లెక్క గట్టిగా వేసుకుంది. కుక్కను తెచ్చి పస్తులు పెడితే మొదట నవ్వేది ఎదురిల్లే. సంగటికి రాగులు, కోడి అంగట్లో కాళ్లూ తలకాయలూ, పెరుగు. టీకాలు, పురుగుల మందు, పిడుదుల మందు. తెంచుకోలేని గొలుసు. జబ్బు చేస్తే డాక్టరుకని నెలనెలా కొంత పక్కన పెట్టాలి.

"అమ్మో, ఇంతా?" అంది కోమలి.

"ముందు సాకినదానికంటే తక్కువే. ఇది తాగదు, పేకాటకు పోదు."

పెళ్లినాటి టేకు మంచం అమ్మేసింది. ఆ డబ్బుతో వేలూరు పక్కన ఒక పల్లె నుంచి కుక్క వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, రాజసంగా ఉంది. వీధి వీధంతా గడపల్లోకి వచ్చి చూసింది.

కొన్నాళ్లకు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు.

"పేరు పెట్టి పిలవమ్మా, కదలకుండా నిలబడతాది" అన్నాడు సూది పట్టుకున్న కాంపౌండరు.

లోకేశ్వరి నోరు తెరిచింది. మూసేసింది. ముఖం ఎర్రబడింది.

"నా నోటికి రాదు సార్. కోమలీ, నువ్వే పిలువు మే."

పెరట్లో గుసగుసగా దానికి ఆ పేరు అలవాటు చేసింది కోమలే. వంగి చెవిలో అంది. కుక్క బుద్ధిగా నిలబడింది.

ఏదో ఇంగ్లీషు పేరై ఉంటుంది, పాపం నోరు తిరగడం లేదు అనుకున్నారు వీధిలో. ఇంకో మాట కూడా అనుకున్నారు. "సూస్తా ఉండు, ఒకరోజు గొలుసు ఇప్పుతాది. ఆయప్ప పిక్క ఊడొస్తాది."

ఆ మాట ఎదురింటికీ చేరింది. పవిత్ర నాయన గేటుకు కొత్త గొళ్లెం వేయించాడు. టీ తాగడానికి పైమెట్టుకు మారాడు. లోపలికి మాత్రం పోలేదు. పోతే భయపడ్డాడంటారు కదా.

"నిజంగా ఇప్పుతావా అక్కా?" అని అడిగింది కోమలి.

"దేనికి మే? కరిస్తే సూదుల ఖర్చు నేనే పెట్టుకోవాల. అది నా లెక్కలో లేదు."

మిక్సీ మోతలో, కుళాయి చప్పుడులో లోకేశ్వరి ఆ పేరు సాధన చేసింది. మొదట్లో నాలుక అంగిలికి అతుక్కుపోయేది. తప్పేమో అనిపించేది. ఎదురింటి నుంచి నవ్వు వినిపించినప్పుడల్లా తప్పు కాదనిపించేది. చివరికి పలికింది.

ఆదివారం పొద్దున. పాలవాడు వచ్చాడు. కుళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. పైమెట్టు మీద పవిత్ర నాయన, చేతిలో టీ గ్లాసు.

లోకేశ్వరి సంగటి గిన్నెతో గడపలోకి వచ్చింది. గొంతు సవరించుకుంది.

"ఒరే మునిరత్నం, యాడ సచ్చినావురా? వచ్చి కూడు తిను."

పెరట్లోంచి కుక్క తోకాడిస్తూ పరుగెత్తుకొచ్చింది. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఒక్కసారీ పలకని తన పేరు విని, ఎదురింటి పైమెట్టు మీద పవిత్ర నాయన కూడా "ఆఁ" అంటూ లేచి నిలబడ్డాడు.