బిగించిన స్క్రూలు

“చూడండి ఎల్మర్ గారూ, మళ్ళీ ఎక్కడో కనెక్షన్ లూజైంది!” హాల్లో లైటు మసకబారగానే మార్లిస్ కూతుర్ని దగ్గరకు లాక్కుంది.

నేను ఎలక్ట్రీషియన్ని. లైటు వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ స్విచ్చి విప్పి చూశాను. వైర్లన్నీ గట్టిగానే ఉన్నాయి.

“మీరు కాక ఇంకెవరైనా ఫోన్లో యాప్‌తో ఈ లైట్లని నడుపుతారా అమ్మా?”

“మా ఆయన నడిపేవాడు. విడిపోయిన రోజే వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను. మరీ అంత తెలివితక్కువదాన్ని కాదులెండి.”

“యాప్‌కి మీ వైఫై అక్కర్లేదు, ఎక్కడినుంచైనా పనిచేస్తుంది. అందులోంచి ఆయన పేరు తీశారా?”

ఆమె యాప్ తెరిచి ఫోను నా చేతికిచ్చింది. ఇంటి సభ్యుల్లో రెండో పేరు ఆయనదే, కర్ట్. పక్కనే ఉంది: ‘హాలు లైటు తగ్గించారు, రెండు నిమిషాల క్రితం.’

“అంటే... మేం ఎప్పుడు ఏ గదిలో ఉన్నామో...”

“లైటు వేసినప్పుడల్లా ఆయన ఫోన్లో కనబడుతుందమ్మా.”

కర్ట్ పేరు తీసేశాను. అయినా ఆమె పాపను వదల్లేదు. వ్యానులోంచి మామూలు స్విచ్చి తెచ్చి డిమ్మర్ తీసేసిన చోట బిగించాను.

“దీన్ని కూడా ఎక్కడినుంచో ఆర్పగలడా?”

“లోపలికొచ్చి వేలితో నొక్కితే తప్ప కుదరదు.”

పాప నొక్కింది. ఆర్పింది, వేసింది, నవ్వింది.

మార్లిస్ మాత్రం వీధి తలుపు వైపు చూస్తోంది. “తాళాలు మార్చేవాళ్ళెవరైనా తెలుసా?”

నాకు తెలిసినతనికి ఫోన్ చేశాను. అతను వచ్చేదాకా, బిగించిన స్క్రూలనే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ అక్కడే కూర్చున్నాను.